ఎదుటి మనసును ఊహించడంలో అసలు కష్టం ఎక్కడుంది?

ఎదుటి మనిషి మనసు కంటికి కనబడదు. కనబడేవి మాట, చూపు, కదలిక, మౌనం. వీటిని పట్టుకునే వాళ్లకు ఏం తెలుసు, ఏం కావాలి, ఏమనుకుంటున్నారు అని రోజంతా ఊహిస్తూ ఉంటాం. ఈ సామర్థ్యాన్ని మనస్తత్వశాస్త్రంలో థియరీ ఆఫ్ మైండ్ అంటారు. దీని గురించి క్లాసులో చదివిన విద్యార్థుల్లో చాలామందికి చివరికి రెండే ముక్కలు గుర్తుంటాయి. ఒకటి, ఇది పిల్లలకు నాలుగేళ్లకు వస్తుంది. రెండు, ఆటిజం ఉన్నవారికి ఇది ఉండదు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కొంత పెద్ద పొరపాటూ ఉంది. ఆ పొరపాటు ఎలా వచ్చిందో తెలియాలంటే పరీక్షలను దగ్గరగా చూడాలి. ఎవరు ఏ ప్రశ్న అడిగారు, ఆ ప్రశ్న నిజంగా దేన్ని కొలుస్తుంది, కొలిచేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుంది అన్నవి చూడాలి.

ఈ ప్రయోగాలన్నీ కలిపి చదివితే ఒక సంగతి బలంగా బయటపడుతుంది. ఎదుటివారి మనసును ఊహించడానికి పెద్ద అడ్డంకి మనకు ముందే తెలిసిన విషయమే. దాన్ని కాసేపు పక్కన పెట్టడం మూడేళ్ల పిల్లలకు దాదాపుగా చేతకాదు. పెద్దలకు చేతనవుతుంది గానీ ప్రతిసారీ కాదు.

చింపాంజీతో మొదలైన చిక్కు

1978లో డేవిడ్ ప్రీమాక్, గై వుడ్రఫ్ అనే పరిశోధకులు చింపాంజీకి థియరీ ఆఫ్ మైండ్ ఉందా అని అడుగుతూ ఒక వ్యాసం ప్రచురించారు. సారా అనే చింపాంజీకి వాళ్లు చిన్న చిన్న వీడియోలు చూపించారు. ఒకదానిలో ఒక మనిషి అందని చోట ఉన్న అరటిపండ్ల కోసం తంటాలు పడుతుంటాడు. మరోదానిలో తాళం వేసిన బోనులోంచి బయటపడలేక సతమతమవుతుంటాడు. ఇంకోదానిలో పనిచేయని హీటర్ పక్కన వణుకుతుంటాడు. వీడియో ఆపి కొన్ని ఫొటోలు చూపిస్తే, సమస్య తీరే మార్గం ఉన్న ఫొటోనే సారా ఎక్కువసార్లు ఎంచుకుంది. ఆ మనిషి ఉద్దేశం సారాకు అర్థమైందని పరిశోధకులు వాదించారు.

ఆ వ్యాసానికి స్పందించిన తత్వవేత్తలు ఒక మెలిక పట్టుకున్నారు. వాళ్లలో డేనియల్ డెన్నెట్ ఒకరు. తాళం పక్కన తాళంచెవి ఉండాలని తెలిస్తే చాలు, ఆ మనిషి మనసు గురించి ఏమీ తెలియకపోయినా సరైన ఫొటో ఎంచుకోవచ్చు. ఈ అభ్యంతరం చింపాంజీకే పరిమితం కాదు. ఎదుటివారి నమ్మకం, లోకంలోని వాస్తవం రెండూ ఒకటే అయినప్పుడు వాళ్లు ఏం చేస్తారో చెప్పడానికి లోకాన్ని చూస్తే సరిపోతుంది. పుస్తకం బల్ల మీద ఉంది, అది అక్కడ ఉందని ఆయనకూ తెలుసు, ఆయన బల్ల దగ్గరికి వెళ్తాడు. ఇందులో ఆయన మనసును లెక్కలోకి తీసుకున్నామో లేదో బయటివారికి తెలిసే దారి లేదు. నమ్మకం ఒకటి, వాస్తవం మరొకటి అయినప్పుడే అది తేలుతుంది. అందుకే ఈ రంగమంతా తప్పుడు నమ్మకం చుట్టూ తిరిగింది.

1983లో హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ ఈ ఆలోచనను పిల్లల పరీక్షగా మలిచారు. మాక్సీ అనే అబ్బాయి చాక్లెట్‌ను ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. వాడు లేనప్పుడు వాళ్లమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. వాడు తిరిగొచ్చి ఏ అలమర తెరుస్తాడు? 3 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో ఒక్కరూ సరిగ్గా చూపించలేదు. 4 నుంచి 6 ఏళ్లవారిలో 57 శాతం, 6 నుంచి 9 ఏళ్లవారిలో 86 శాతం సరిగ్గా చూపించారు.

సాలీ, ఆన్, ఒక గోలీ

పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది సైమన్ బారన్-కోహెన్, ఆలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ 1985లో వాడిన పరీక్ష. దీనికి కావలసినవి రెండు బొమ్మలు, ఒక బుట్ట, ఒక పెట్టె, ఒక గోలీ. చేయడం తేలికగానే కనిపిస్తుంది. సరిగ్గా చేయడం మాత్రం అంత తేలిక కాదు.

ముందు బొమ్మల పేర్లు చెప్పి, ఎవరు సాలీ, ఎవరు ఆన్ అని పిల్లవాడిని అడగాలి. ఇది దాటకుండా కథ మొదలుపెట్టకూడదు. పేర్లు తారుమారైతే తర్వాత వచ్చే జవాబులకు విలువ ఉండదు. సాలీ గోలీని బుట్టలో పెట్టి బయటికి వెళ్తుంది. ఇక్కడ బొమ్మను బల్ల మీంచి పూర్తిగా తీసేయాలి. పక్కకు జరిపి ఊరుకుంటే, అది ఇంకా చూస్తోందని కొందరు పిల్లలు అనుకుంటారు. అప్పుడు వాళ్లు పెట్టె అని చెప్పడం తప్పు కాదు, వాళ్లు అర్థం చేసుకున్న కథకు అదే సరైన జవాబు. ఆన్ గోలీని బుట్టలోంచి తీసి పెట్టెలో దాస్తుంది. సాలీ తిరిగొస్తుంది. ఇప్పుడు అసలు ప్రశ్న: సాలీ తన గోలీ కోసం ఎక్కడ వెతుకుతుంది?

దీని వెంటే ఇంకో రెండు ప్రశ్నలుంటాయి. గోలీ నిజంగా ఇప్పుడెక్కడుంది? మొదట్లో ఎక్కడుండేది? మొదటి దానికి తప్పు చెబితే పిల్లవాడు కథను గమనించలేదని అర్థం. రెండో దానికి తప్పు చెబితే కథ గుర్తులేదని అర్థం. ఈ రెంటిలో ఏది తప్పినా, అసలు ప్రశ్నకు వచ్చిన జవాబు సరైనదైనా కాకపోయినా ఆ పిల్లవాడిని లెక్కలోంచి తీసేయాలి. విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. అసలు ప్రశ్న ఒక్కటే అడిగి ఊరుకుంటే, వచ్చిన అంకె ఊహాశక్తిదో, జ్ఞాపకానిదో, శ్రద్ధదో చెప్పలేం.

ఉన్నవి రెండే చోట్లు కాబట్టి గుడ్డిగా చెప్పినా సగం మంది గట్టెక్కుతారు. రెండుసార్లు అడిగి రెండూ సరైతేనే పాస్ అనుకుంటే ఆ అవకాశం 25 శాతానికి తగ్గుతుంది. 1985 నాటి పరిశోధకులు రెండో విడతలో గోలీని ప్రయోగం చేసేవారి జేబులోకి చేర్చారు. అంటే మూడో చోటు వచ్చింది. దాంతో ముందు చెప్పిన చోటే మళ్లీ చెప్పే పిల్లలూ, ఈసారి రెండోది చెబుదామనుకునే పిల్లలూ విడిగా తేలిపోతారు.

ఫలితాన్ని పాడుచేసేవి చిన్న చిన్న విషయాలే. ప్రశ్న అడుగుతూ పెద్దవారు తెలియకుండానే పెట్టె వైపు చూస్తే పిల్లవాడి వేలు అటే పోతుంది. కాబట్టి అడిగేటప్పుడు చూపు పిల్లవాడి ముఖం మీదే ఉండాలి. నోటితో చెప్పకపోయినా వేలితో చూపిస్తే జవాబుగానే తీసుకోవాలి, సిగ్గుపడే పిల్లలకు తప్పుమార్కు వేయకూడదు. సరైన జవాబుకు "భలే" అని, తప్పు జవాబుకు ఊరుకుంటే తర్వాతి విడత పాడవుతుంది. ఏది చెప్పినా ఒకే స్వరంతో సరే అనాలి. మొత్తం వీడియో తీసి, పిల్లల వయసు తెలియని రెండో వ్యక్తి చేత కూడా జవాబులు నమోదు చేయించాలి.

ప్రశ్నలో ఒక్క మాట చేర్చినా ఫలితం మారుతుంది. మైకేల్ సీగల్, కారెన్ బీటీ 1991లో "ఎక్కడ వెతుకుతుంది" అనే చోట "మొట్టమొదట ఎక్కడ వెతుకుతుంది" అని అడిగి చూశారు. మూడేళ్ల పిల్లల జవాబులు మెరుగయ్యాయి. వస్తువు చివరికి దొరకాలంటే ఎక్కడ వెతకాలని అడుగుతున్నారని పిల్లలు అర్థం చేసుకుంటున్నారేమో అన్న అనుమానానికి అప్పటి నుంచి బలం వచ్చింది. ప్రాజెక్టు నివేదికలో ప్రశ్నను అక్షరం పొల్లుపోకుండా రాయమని పట్టుబట్టేది ఇందుకే.

ఇన్ని లోపాలున్నా ఈ పరీక్షను కొట్టిపారేయలేం. హెన్రీ వెల్మన్, డేవిడ్ క్రాస్, జూలాన్ వాట్సన్ 2001లో 178 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. రెండున్నరేళ్ల పిల్లల జవాబుల్లో 80 శాతానికి పైగా తప్పులే. 44 నెలల దగ్గర తప్పులూ ఒప్పులూ సమానమవుతాయి, ఆ తర్వాత ఒప్పులు పెరుగుతూ పోతాయి. బొమ్మకు బదులు మనిషిని పెట్టినా, ప్రశ్నను "ఏమనుకుంటుంది" అని మార్చినా పెద్ద తేడా లేదు. వస్తువును మార్చడం ఆటపట్టించడానికే అని చెబితే, లేదా పిల్లవాడి చేతే మార్పిస్తే జవాబులు మెరుగుపడతాయి. అయినా చిన్నపిల్లలు పెద్దపిల్లలను అందుకోలేరు.

అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి ఆ 80 శాతంలోనే ఉంది. తెలియక గుడ్డిగా చెబితే తప్పులు సగం దగ్గర ఆగాలి. చిన్నపిల్లలు సగం కంటే ఎక్కువసార్లు, ఒకే వైపు తప్పు చెబుతున్నారు. వాళ్ల వేలు ఎక్కువసార్లు గోలీ నిజంగా ఉన్న చోటికే పోతోంది. వాళ్లకు తెలిసిన వాస్తవమే దాన్ని అటు లాగుతోంది.

డబ్బాలో పెన్సిల్

ఆ లాగుడు ఎంత బలమైనదో ఇంకా స్పష్టంగా చూపేది రెండో పరీక్ష. 1987లో పెర్నర్, సూసన్ లీకమ్, విమ్మర్ పిల్లలకు స్మార్టీస్ డబ్బా ఒకటి చూపించారు. స్మార్టీస్ బ్రిటన్‌లో పిల్లలందరికీ తెలిసిన చాక్లెట్ గోళీలు. లోపల ఏముందంటే పిల్లలు స్మార్టీస్ అనే అంటారు. మూత తీస్తే పెన్సిల్ ఉంటుంది. మళ్లీ మూత పెట్టి, ఇంకా చూడని స్నేహితుడు వచ్చి ఈ డబ్బా చూస్తే లోపల ఏముందనుకుంటాడు అని అడుగుతారు. మూడేళ్లవారిలో చాలామంది పెన్సిల్ అంటారు.

మరుసటి ఏడాది ఆలిసన్ గోప్నిక్, జానెట్ ఆస్టింగ్టన్ దీనికి ఇంకో ప్రశ్న జోడించారు. మూత తీయకముందు లోపల ఏముందని నువ్వు అనుకున్నావు? మూడేళ్లవారిలో చాలామంది దీనికి కూడా పెన్సిలే అన్నారు. ఒక్క నిమిషం కింద వాళ్లే నోరారా స్మార్టీస్ అన్నారు. అది అబద్ధమాడటం కాదు, మొండితనమూ కాదు. ఇప్పుడు తెలిసిన సంగతి అప్పటి తమ నమ్మకాన్ని కప్పేసింది. అంటే ఈ కష్టం ఎదుటివారి మనసుకే పరిమితమైనది కాదు, నిమిషం కిందటి సొంత మనసు కూడా అంతే దూరంగా ఉంటుంది. పెద్దల గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ అక్కరకొచ్చేది ఈ ఫలితమే.

దీన్ని చేసేవారికి ఒక జాగ్రత్త. పిల్లలకు బాగా తెలిసిన డబ్బానే వాడాలి. లోపల ఏముందని అడిగితే మీరు ఆశించిన మాట రాకపోతే పరీక్ష అక్కడే ఆపేయాలి, ఎందుకంటే ఆ పిల్లవాడిలో తప్పుడు నమ్మకం ఏర్పడనే లేదు. స్నేహితుడు లోపల చూశాడా అని కూడా తప్పక అడగాలి.

పాస్, ఫెయిల్ అని ఒకే ప్రశ్నతో తేల్చడం సరికాదని వెల్మన్, డేవిడ్ ల్యూ 2004లో అయిదు మెట్ల కొలబద్ద తయారుచేశారు. ఒకే వస్తువు నాకు నచ్చవచ్చు, నీకు నచ్చకపోవచ్చు అన్నది మొదటి మెట్టు. ఒకే విషయంలో ఇద్దరి అభిప్రాయాలు వేరు కావచ్చు అన్నది రెండోది. చూడనివారికి తెలియదు అన్నది మూడోది, తప్పుడు నమ్మకం నాలుగోది. లోపల ఒకటి అనిపిస్తూ ముఖంలో ఇంకోటి చూపించవచ్చు అన్నది అయిదోది. తర్వాత చైనా, ఇరాన్ పిల్లలతో చేసిన అధ్యయనాల్లో రెండో మెట్టూ మూడో మెట్టూ తారుమారయ్యాయి. అక్కడి పిల్లలకు ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నది ముందు పట్టుబడి, అభిప్రాయాలు వేరు కావచ్చు అన్నది తర్వాత వచ్చింది. పిల్లల చుట్టూ ఏ మాటలు ఎక్కువ నడుస్తాయో దాన్నిబట్టి క్రమం మారుతుందన్నది దీనికి చెప్పే కారణం. తప్పుడు నమ్మకం సంగతి వేరు. 2005లో కెనడా, ఇండియా, పెరూ, సమోవా, థాయ్‌లాండ్ పిల్లలతో తారా కాలగన్ బృందం చేసిన అధ్యయనంలో అయిదు చోట్లా అది దాదాపు ఒకే వయసులో, అయిదేళ్ల దగ్గర, కుదురుకుంది.

మాట లేకపోతే

వయసు పెరిగితే చాలు, ఈ సామర్థ్యం దానంతటదే వస్తుందా? బధిర పిల్లలతో చేసిన అధ్యయనాలు దీనికి చాలా గట్టి జవాబిచ్చాయి. సంజ్ఞాభాష తెలిసిన బధిర తల్లిదండ్రుల పిల్లలు మిగతా పిల్లలతో సమానంగానే ఈ పరీక్షలు దాటుతారు. వినగలిగే తల్లిదండ్రులకు పుట్టి, సంజ్ఞాభాష ఆలస్యంగా అందిన బధిర పిల్లలు కొన్నేళ్లు వెనకబడతారు. లోపం వినికిడిది కాదని దీంతో తేలింది. ఎవరు ఏమనుకున్నారు, ఎందుకు పొరబడ్డారు అనే ముచ్చట్లు ఇంట్లో అందకపోవడమే ఆ వెనుకబాటుకు కారణం.

ఇంకా స్పష్టమైన ఆధారం నికరాగ్వాలో దొరికింది. 1970ల చివర్లో అక్కడ బధిరుల బడులు తెరిచాక, పిల్లలు తమలో తామే ఒక కొత్త సంజ్ఞాభాష సృష్టించుకున్నారు. మొదటి తరం వాడిన భాషలో అనుకోవడం, తెలియడం వంటి క్రియలు చాలా తక్కువ. తర్వాత వచ్చినవారు వాటిని పెంచారు. జెన్నీ పయర్స్, ఆన్ సెంగస్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి తరం పెద్దలు తమకన్నా చిన్నవారైన రెండో తరం కంటే తప్పుడు నమ్మకం పరీక్షల్లో వెనకబడ్డారు. రెండేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించేసరికి, చిన్నవారితో కలిసి మెలిసి ఆ క్రియలు నేర్చుకున్న పెద్దలు మెరుగయ్యారు. ఎన్నో ఏళ్ల లోకానుభవం ఇవ్వనిది ఆ కొద్ది మాటలు ఇచ్చాయి. ఈ రంగంలో ఒక్క అధ్యయనమే పాఠం చెప్పే వీలుంటే దీన్నే ఎంచుకోవాలి.

తల్లిదండ్రులు, టీచర్లు ఏం చేయాలని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పదగింది ఇందులోనే ఉంది. కథ చెబుతూ "తర్వాత ఏమైంది" అని అడగడంతో ఆగకుండా, "వాడికి ఆ సంగతి తెలుసా? మరి ఏమనుకుని ఉంటాడు? ఎందుకలా అనుకున్నాడు?" అని అడగాలి. తల్లులు ఇలాంటి మాటలు ఎక్కువ వాడే ఇళ్లలో పిల్లలు తర్వాత ఈ పరీక్షల్లో ముందుంటారని టెడ్ రఫ్‌మన్ బృందం 2002లో చూపింది.

పసివాళ్ల చూపులు

నాలుగేళ్లకు వస్తుందన్న మాటకు 2005లో పెద్ద సవాలు ఎదురైంది. క్రిస్టీన్ ఒనీషీ, రెనే బయార్జాన్ 15 నెలల పిల్లలకు ప్రశ్నలేవీ అడగలేదు, వాళ్లు ఎంతసేపు చూస్తారో మాత్రం కొలిచారు. ఒకామె ఒక బొమ్మ పుచ్చకాయ ముక్కను రెండు పెట్టెల్లో ఒకదానిలో దాచుతుంది. ఆమెకు కనబడకుండా అది రెండో పెట్టెలోకి మారుతుంది. తర్వాత ఆమె పాత పెట్టెలో చేయి పెడితే పసివాళ్లు మామూలుగా చూశారు. తనకు తెలిసే వీల్లేని కొత్త పెట్టెలో చేయి పెడితే ఎక్కువసేపు చూశారు. ఆమె ఏమనుకుంటోందో వాళ్లకు తెలుసని, అందుకే ఆశ్చర్యపోయారని పరిశోధకులు అన్నారు. 2007లో విక్టోరియా సౌత్‌గేట్ బృందం 25 నెలల పిల్లల చూపు ముందుగా ఎటు పోతుందో కొలిచి అలాంటి మాటే చెప్పింది.

ఆ తర్వాత చాలా ల్యాబుల్లో, ముఖ్యంగా ముందస్తు చూపును కొలిచే పద్ధతిలో, ఈ ఫలితాలు మళ్లీ రాలేదు. పసివాళ్ల ప్రయోగాల్లో నమూనాలు చిన్నవి, ఏడ్చో విసిగో మధ్యలో మానేసేవారు ఎక్కువ, ఎవరి లెక్క తీసేయాలన్న నిర్ణయం పరిశోధకుల చేతిలో ఉంటుంది. ఈ మూడూ కలిస్తే ఫలితం ఎటైనా ఒరగవచ్చు. ఇయన్ ఆపర్లీ, స్టీఫెన్ బటర్‌ఫిల్ 2009లో మధ్యేమార్గం ఒకటి ప్రతిపాదించారు. ఎవరు ఏ వస్తువును ఎక్కడ చూశారన్నది నమోదు చేసుకునే వేగవంతమైన వ్యవస్థ పసితనం నుంచే ఉంటుంది, నమ్మకాన్ని నమ్మకంగా గుర్తించే నెమ్మదైన వ్యవస్థ మాటతో పాటు తర్వాత వస్తుంది అని వాళ్ల వాదన. ఇది బాగా పొసిగే వివరణే, అయినా తేలిపోయిన నిజంగా చెప్పకూడదు. క్లాసులో 15 నెలలకే వస్తుందని బోధించడం, రాదని బోధించడం రెండూ తొందరపాటే.

ఆటిజం గురించి సవరించాల్సిన మాట

1985 నాటి అధ్యయనంలో ఆటిజం ఉన్న పిల్లలు 20 మంది. వాళ్లలో 16 మంది సాలీ ప్రశ్నకు తప్పు చెప్పారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న 14 మందిలో 12 మంది, మామూలు పిల్లలు 27 మందిలో 23 మంది సరిగ్గా చెప్పారు. ఈ తేడా నిజమైనదే. ఆటిజం ఉన్నవారికి ఎదుటి మనసు అర్థం కాదు అన్న ఒక్క వాక్యంగా అది జనంలోకి వెళ్లాక మాత్రం చాలా హాని జరిగింది.

ఆ 20 మందిలో నలుగురు సరిగ్గానే చెప్పారు. ఫ్రాన్చెస్కా హాపే 1995లో చూపినట్టు, భాషా సామర్థ్యం సుమారు 9 ఏళ్ల స్థాయికి చేరాక ఆటిజం ఉన్న పిల్లలు కూడా ఈ పరీక్ష దాటే అవకాశం సగానికి వస్తుంది. మామూలు పిల్లలకు అది 4 ఏళ్ల దగ్గర. కాబట్టి ఈ పరీక్ష ఉందా లేదా అన్నది తేల్చడం లేదు. ఎంత భాష కావలసి వస్తోంది, ఏ దారిలో చేరుకుంటున్నారు అన్నది చూపుతోంది. పరీక్షను రోగనిర్ధారణకు వాడకూడదు. పాసైన బిడ్డకు ఆటిజం లేదని గానీ, తప్పిన బిడ్డకు ఉందని గానీ దీనితో చెప్పలేం.

2012లో డేమియన్ మిల్టన్ ఇంకో ప్రశ్న లేవనెత్తారు. ఆటిజం ఉన్నవారు మిగతావారిని అర్థం చేసుకోలేకపోతున్నారని కొలుస్తున్నాం, మరి మిగతావారు వాళ్లను ఎంత అర్థం చేసుకుంటున్నారు? అర్థం కాకపోవడం ఇద్దరి మధ్య ఉన్నప్పుడు లోపాన్ని ఒకరి తలలోనే ఎందుకు వెతకాలి? దీన్ని ఆయన డబుల్ ఎంపతీ సమస్య అన్నారు. కేథరిన్ క్రాంప్టన్ బృందం 2020లో 8 మంది చొప్పున వరుసలు కట్టి, మొదటివారికి ఒక కథ చెప్పి, ఒకరి నుంచి ఒకరికి చేరవేయించింది. అందరూ ఆటిజం ఉన్నవారైన వరుసలు, ఎవరికీ ఆటిజం లేని వరుసలు కథను సమానంగా నిలుపుకున్నాయి. కలగలిపిన వరుసల్లో ఎక్కువ వివరాలు జారిపోయాయి. తర్వాత పెద్ద నమూనాతో చేసినప్పుడు కలగలుపు వరుసల్లోని ఆ లోటు మళ్లీ కనబడలేదు, ఆటిజం ఉన్నవారి వరుసలు వెనకబడలేదన్నది మాత్రం నిలిచింది. పాఠంలో సవరించాల్సింది ఇదే. అపార్థానికి ఇద్దరు కావాలి, కొలిచేటప్పుడు ఇద్దరినీ కొలవాలి.

కళ్లను చూసి భావం చెప్పే పరీక్షను కూడా ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. 2001 నాటి రూపంలో కళ్ల భాగం ఒక్కటే కనిపించే 36 ఫొటోలుంటాయి, ప్రతిదానికీ నాలుగు మాటల్లో ఒకటి ఎంచుకోవాలి. గుడ్డిగా గుర్తు పెట్టినా 9 సరవుతాయి. అందులోని పదాలు చాలా సూక్ష్మమైనవి, కాబట్టి పదసంపద తక్కువున్నవారికి మార్కులు తగ్గుతాయి. పైగా ఆ ఫొటోలోని మనిషి నిజంగా ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు. ఎక్కువమంది ఒప్పుకున్నదే సరైన జవాబుగా పెట్టారు. దీనితో కొలిచింది నలుగురి అభిప్రాయంతో ఏకీభవించడం, దాన్ని ఎదుటి మనసు తెలుసుకోవడంగా రాస్తే పప్పులో కాలేసినట్టే.

పెద్దల సంగతి

నాలుగేళ్లు దాటితే పని పూర్తయినట్టేనా? బోవాజ్ కీసర్ బృందం ప్రయోగాలు కాదంటాయి. నిలువుగా నాలుగు, అడ్డంగా నాలుగు గళ్లున్న అలమర ఒకటి ఉంటుంది. ఒకవైపు మీరు, అవతలివైపు సూచనలిచ్చే వ్యక్తి. కొన్ని గళ్లకు అవతలి నుంచి అడ్డు ఉంటుంది, అందులోవి ఆయనకు కనబడవని మీకు ముందే చూపిస్తారు. మీకు మూడు కొవ్వొత్తులు కనబడతాయి. అన్నిటికన్నా చిన్నది అడ్డున్న గడిలో ఉంది. ఆయన చిన్న కొవ్వొత్తి జరపమంటాడు. ఆయనకు కనబడే రెంటిలో చిన్నది అంటే మీకు మధ్యరకంగా కనిపించేది. కళ్ల కదలికలు కొలిస్తే, పెద్దల చూపు ముందు తమకే కనబడే అతి చిన్న కొవ్వొత్తి మీదికి పోతుంది. తర్వాతే సర్దుకుంటుంది. చాలామంది ఒక్కసారైనా చేయి చాచి దాన్నే అందుకోబోతారు. సూత్రం అందరికీ తెలుసు, సమయానికి వాడటం దగ్గరే తప్పుతోంది.

తెలిసిన విషయం ఎంతగా కళ్లు కప్పుతుందో ఎలిజబెత్ న్యూటన్ 1990లో చూపించారు. ఒకరు బాగా తెలిసిన పాటను మనసులో పాడుకుంటూ బల్ల మీద దాని దరువు కొడతారు, ఇంకొకరు విని ఏ పాటో చెప్పాలి. 120 పాటల్లో విన్నవారు పట్టుకున్నవి 3. కొట్టినవారు సగం పట్టుకుంటారని అంచనా వేశారు. దరువు కొట్టేవారికి లోపల రాగం వినబడుతూనే ఉంటుంది, అది లేకుండా ఆ దరువు ఎలా ఉంటుందో ఊహించడం వాళ్లవల్ల కాలేదు. డబ్బాలో పెన్సిల్ చూశాక స్మార్టీస్ అన్న మాట మరిచిపోయిన మూడేళ్ల బిడ్డ స్థితే ఇది, తీవ్రత తక్కువ అంతే. పాఠం చెప్పేవారికి విద్యార్థికి ఎక్కడ అర్థం కాలేదో తెలియకపోవడానికి కారణమూ ఇదే.

ఊహించడం, అడగడం

ఎదుటివారి స్థానంలో నిలబడి ఆలోచించు అని తరచూ సలహా ఇస్తాం. తాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో 25 ప్రయోగాలతో ఈ సలహాను పరీక్షించారు. అలా ఊహించుకోమని చెప్పినప్పుడు ఎదుటివారి ఆలోచనలు, ఇష్టాలు సరిగ్గా చెప్పగలగడం పెరగలేదు. చేసినవారికి మాత్రం తమ అంచనా మెరుగైందన్న ధీమా కలిగింది. ఖచ్చితత్వం పెరిగింది ఒక్క సందర్భంలోనే, నేరుగా ఎదుటివారిని అడిగినప్పుడు. ఎదుటివారి స్థానంలో నిలబడటం వల్ల మన స్వార్థం తగ్గవచ్చు, అది వేరే మేలు. మన దగ్గర లేని సమాచారం మాత్రం దానివల్ల రాదు. అబద్ధం పట్టడంలోనూ ఇదే వరస. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో కలిపి చూసిన అధ్యయనాల్లో జనం సరిగ్గా చెప్పింది సగటున 54 శాతం. నాణెం ఎగరేస్తే 50 వస్తుంది.

ఎదుటి మనసు గురించిన మన ఊహ ఎంతవరకు సరైనదో క్లాసులో చేసి చూపించడానికి మనస్తత్వవేత్త విలియం ఇక్స్ పద్ధతి చాలా బాగుంటుంది. ఇద్దరు విద్యార్థుల సంభాషణను అయిదు నిమిషాలు, వాళ్ల అనుమతితో, వీడియో తీయాలి. తర్వాత ఒక్కొక్కరూ విడిగా ఆ వీడియో చూస్తూ, తనకు ఏదైనా ఆలోచన గానీ భావం గానీ కలిగిన ప్రతి చోటా ఆపి, సమయం వేసి, ఒక వాక్యంలో రాయాలి. అప్పుడు అనుకున్నదే రాయాలి, ఇప్పుడు చూస్తూ తోచింది కాదు. స్మార్టీస్ డబ్బా హెచ్చరిక ఇక్కడ పెద్దలకే పనికొస్తుంది. సంభాషణకూ రాతకూ మధ్య విరామం ఇస్తే అప్పటి ఆలోచన స్థానంలో ఇప్పటిది వచ్చి కూర్చుంటుంది, కాబట్టి వెంటనే రాయించాలి. ఆ తర్వాత రెండోవారికి వీడియో అవే చోట్ల ఆపి, ఆ క్షణంలో అవతలివారు ఏమనుకున్నారో ఊహించి రాయమనాలి.

ఆ విద్యార్థులెవరో తెలియని ఇద్దరు ముగ్గురు వీటికి మార్కులు వేయాలి. అసలు ఆలోచనకూ ఊహకూ సంబంధమే లేకపోతే 0, కొంత దగ్గరగా ఉంటే 1, సారం ఒకటే అయితే 2. వచ్చిన మొత్తాన్ని రావడానికి వీలున్న గరిష్ఠంతో భాగిస్తే శాతం వస్తుంది. ఇక్కడితో ఆగితే లెక్క పొంగిపోతుంది. "విసుగొచ్చింది", "తర్వాత ఏం మాట్లాడాలా అనుకున్నాను" వంటివి ఎక్కడ రాసినా కొంత సరిపోతాయి. అందుకని ఊహలన్నిటినీ కలిపేసి, గుడ్డిగా వేరే చోట్ల ఆలోచనలతో జతచేసి మళ్లీ మార్కులు వేయించాలి. ఆ అంకెను అసలు అంకెలోంచి తీసేయగా మిగిలేదే ఆ క్షణాన్ని పట్టుకున్న లెక్క. స్నేహితుల జంటలకు అపరిచితుల కంటే ఎక్కువ వస్తుంది. ముఖం బాగా చదివినందువల్లేనని తొందరపడకూడదు. ఒకరి జీవితంలోని సంగతులు ఇంకొకరికి ముందే తెలిసి ఉండటమే ఎక్కువగా అందుకు కారణం. మార్కులు వేసేవారి మధ్య పొంతన లేకపోతే జంటల ప్రతిభ గురించి ఏమీ చెప్పకూడదు. చాలావరకు తప్పు రాసిన వాక్యాల్లో ఉంటుంది: "ఏదోలా అనిపించింది" అని రాసినదాన్ని ఎవరూ సరిగ్గా ఊహించలేరు, ఎవరూ సరిగ్గా మార్కులు వేయలేరు. అలాంటి వాక్యాలను రాసినవారికే తిరిగిచ్చి, ఏమనిపించిందో, దేని గురించో ఇంకో నాలుగు మాటలు రాయించి, అప్పుడు రెండోవారి చేత ఊహింపజేయాలి.